ఇరవై ఒక్క శుక్రవారాలు

బుధవారం సాయంత్రం నాలుగు దాటాక సృజన్ ఫిల్మ్‌నగర్ నుంచి ఆటోలో వచ్చి, మెట్లు దిగి ల్యాబ్‌లో అడుగు పెట్టేసరికి ఆటోక్లేవ్ లోంచి ఆవిరి బుస్సుమని వెళ్తోంది. రోజూ వినే చప్పుడే. మూడింటికి పనిమనిషి బుచ్చమ్మ దాన్ని నింపుతుంది, నాలుగున్నరకు దించుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ లాంటిదే అది, కాకపోతే మనిషి నడుమెత్తు ఉంటుంది. అందులోకి వెళ్ళిన ఏ క్రిమీ ప్రాణంతో బయటికి రాదు.

ఆ చప్పుడు వింటూనే అతని చూపు గోడ వారనున్న ట్రాలీ మీదికి పోయింది. ట్రాలీ ఖాళీగా ఉంది.

"బుచ్చమ్మక్కా, దీని మీద ఉన్నవి..."

"ఏసిన సారూ. మూడైంది గద." ఆమె తుడుపుగుడ్డ పిండుకుంటూ తల తిప్పకుండానే చెప్పింది.

"అన్నీ ఏసినవా?"

"పైవి, కిందివి, అన్నీ ఏసిన."

సృజన్ బల్లను పట్టుకుని నిలబడ్డాడు. మీటలన్నీ కట్టేసి మూత తెరిచేలోపు ఇంకో పావుగంట పట్టింది. ఆవిరి పొగలోంచి ఫ్లాస్కులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వాటిలో ఒకదాని మెడకు అంటించిన తెల్ల పట్టీ మీద అతని చేతిరాతే, '7' అని. మధ్యాహ్నం దాకా లేత నారింజ రంగులో ఉన్న ద్రవం ఇప్పుడు విరిగిపోయిన పాలలా అడుగున ముద్దకట్టింది.

ఆ ల్యాబ్ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా కింద, నేలమాళిగలో ఉంది. ఒకప్పుడు అది ఓ నిర్మాతగారి సొంత ప్రివ్యూ థియేటర్. ఆయన పోయాక పిల్లలు కుర్చీలు పీకించి తాళం వేసి పెట్టారు. దాన్ని ఈ ల్యాబ్ పెట్టిన హెలెన్ వెతికి పట్టుకుంది. బయటి వెలుతురు చుక్కయినా చొరబడని గది ఆమెకు కావాలి. ఎంత వెలుగు, ఎంతసేపు, ఏ రంగు అన్నది తన చేతిలో ఉండాలి. యాభై ఆరేళ్ళ మనిషి. గుంటూరులో ఇరవై రెండేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, ఒకే ఒక్క ఆలోచనను నమ్ముకుని ఉద్యోగం వదిలేసి వచ్చింది.

ఆ ఆలోచనను ఎవరడిగినా ఆమె ఒక్క తీరుగానే చెప్పేది. "మీ అపార్ట్‌మెంట్లో సంపులోంచి మోటారు నీళ్ళు పైన ట్యాంకుకి తోడుతుంది కదండీ. పైకెక్కిన నీళ్ళు కిందికి దిగాలని చూస్తాయి. దిగే దారిలో చక్రం పెడితే తిరుగుతుంది. క్రిమి ఒంట్లోనూ అంతే. సముద్రంలో బతికే ఒక బాక్టీరియా దగ్గర మోటారు లాంటి ప్రోటీన్ ఒకటి ఉంది. దానిమీద వెలుగు పడితే చాలు, ప్రోటాన్లని లోపల్నుంచి బయటికి తోడేస్తుంది. బయట పోగుపడినవి మళ్ళీ లోపలికి తోసుకొస్తాయి. ఆ వచ్చే దారిలో చక్రం తిరిగి, క్రిమికి శక్తి పుడుతుంది. మేం ఆ మోటారుని మామూలు బాక్టీరియాలో బిగించాం."

బిగించడం వరకు చాలామంది చేసిందే. చిక్కంతా ఆ తర్వాత. మామూలు బాక్టీరియాకు ఆ మోటారు అద్దెకొచ్చిన సామాను లాంటిది, బరువే తప్ప దాన్ని వాడుకోవడం తెలియదు. నాలుగు రోజులు మోసి పారేస్తుంది. అందుకని హెలెన్ ఎనిమిది ఫ్లాస్కులు మొదలుపెట్టింది. తిండి చాలీచాలకుండా పెట్టి, ఆకుపచ్చ దీపాల కింద ఉంచి, బతికినవాటిలోంచి రోజూ ఒక చుక్క తీసి కొత్త ఫ్లాస్కులో వేయడం. బతకాలంటే వెలుగును వాడుకోవాల్సిందే. అలా ఇప్పటికి పద్నాలుగు నెలలు, ఆదివారాలతో సహా. ఏడు ఫ్లాస్కుల్లో ఏమీ జరగలేదు. మే నెలలో ఏడో నంబరు మాత్రం తిండి పూర్తిగా ఆపేశాక కూడా, దీపం ఉన్నంతకాలం, పదకొండు రోజులు బతికింది. దానిలోంచే తీసి చీకట్లో ఉంచిన చుక్క రెండో రోజుకే చచ్చిపోయింది. ఆ రోజు హెలెన్ థియేటర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "సృజన్, ఈ వారం ఏడోది రెండు ట్యూబులు ఎక్కువ దాచు" అంది.

దాచడమంటే ఇది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఒక్కో ఫ్లాస్కు నుంచి కొంచెం తీసి, చిన్న ట్యూబుల్లో పోసి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఏదైనా ఉపద్రవం వస్తే ఆ ట్యూబు కరిగించి, అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఫ్రీజర్ చిన్నది, అందుకని చివరి నాలుగు వారాలవే ఉంచి పాతవి తీసేయాలి. అరగంట పని. అది సృజన్ పని.

సృజన్ చివరిసారి ఆ పని చేసింది మార్చి రెండో శుక్రవారం నాడు.

ఇది ఎవరికీ తెలియదు. అతను సిద్దిపేట నుంచి వచ్చి బయోటెక్నాలజీ చదివింది నాన్న మాట కాదనలేక. మనసు మొదటినుంచీ సినిమా కథల మీదే. జూబ్లీహిల్స్‌లో ల్యాబ్ అనగానే ఎగిరి గంతేసి చేరడానికి అసలు కారణం, అక్కడినుంచి ఫిల్మ్‌నగర్ ఆఫీసులు కూతవేటు దూరం కావడం. మార్చిలో రఘునందన్ అనే దర్శకుడి ఆఫీసులో మేనేజరు ఒక మాట అన్నాడు: "సార్ కొత్తవాళ్ళ కథలు శుక్రవారం లంచ్ తర్వాతే వింటారు, వచ్చి కూర్చోండి." అప్పటినుంచి ప్రతి శుక్రవారం రెండింటికి సృజన్ ఆ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉండేవాడు. ఆ వేళకు మేడమ్ భోజనానికి ఇంటికి వెళ్ళేది కనుక అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం వచ్చి రిజిస్టర్‌లో టిక్కు పెట్టేవాడు. మొదటి వారం, రేపు చేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు గడిచాక, వచ్చే వారం రెండింతలు చేద్దాం అనుకున్నాడు. ఫ్లాస్కు ఎలాగూ రోజూ కళ్ళముందు బతికే ఉంది కదా, దాని నకలు కోసం తొందరేముంది అనిపించేది. మే నెలలో మేడమ్ అలా చెప్పినప్పుడు అతనికి నిజంగానే భయం వేసింది. ఈ శుక్రవారం కచ్చితంగా అనుకున్నాడు. ఆ శుక్రవారమే మేనేజరు, "ఇవాళ మీ నంబరు రావచ్చు" అని ఫోన్ చేశాడు. నంబరు రాలేదు.

ఈ బుధవారం మాత్రం వచ్చింది. ఒంటిగంటకు ఫోన్, "సార్ ఖాళీగా ఉన్నారు, పావుగంటలో రండి" అని. అప్పటికి సృజన్ ఏడో ఫ్లాస్కును దీపాల అర నుంచి దించి చేతిలో పట్టుకుని ఉన్నాడు. బల్ల మీద జాగా లేదు. పక్కనే ట్రాలీ పై అర ఖాళీగా కనబడింది. గంటలో వచ్చేస్తాను కదా అని అక్కడ పెట్టి పరుగెత్తాడు. చుక్క తీసేశాక మిగిలిన నిన్నటి పాత ఫ్లాస్కులు, ఏడోదానితో సహా, అదే ట్రాలీ కింది అరలో ఉన్నాయి. రఘునందన్ ఏడు నిమిషాలు విన్నాడు. అందులో నాలుగు నిమిషాలు ఫోన్ చూసుకుంటూ విన్నాడు. తర్వాత, మళ్ళీ పిలుస్తాం కూర్చోండి అని బయట రెండు గంటలు కూర్చోబెట్టారు.

ట్రాలీ మీద ఏది ఉంటే అది మూడింటికి ఆటోక్లేవ్‌లోకి. అది హెలెన్ పెట్టిన నియమం. బుచ్చమ్మ ఏడాదిన్నరగా దాన్ని తప్పలేదు.

హెలెన్ వచ్చింది. ఫ్లాస్కును వెలుగుకెత్తి చూసింది. ముఖం పాలిపోయింది. "ఇది ట్రాలీ మీదికి ఎలా వచ్చింది?"

ల్యాబ్‌లోనే పనిచేసే నవత అనే ఇంకో అమ్మాయి కంప్యూటర్ ముందునుంచి లేచి వచ్చింది. నలుగురూ ఆ ఫ్లాస్కు చుట్టూ నిలబడ్డారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను మళ్ళీ రాదని సృజన్‌కు అప్పుడే తెలుసు. నోరు తెరిచాడు.

"నేను బల్ల మీదే పెట్టిన మేడమ్" అన్నాడు.

బుచ్చమ్మ తల ఎత్తింది. "బల్ల మీదికెల్లి నేనెన్నడు ఏది తియ్యలే అమ్మా. ట్రాలీ మీదనే ఉండె."

"పొరపాటున తీసుంటావులే బుచ్చమ్మా. అందరం మనుషులమే" అంది హెలెన్. గట్టిగా ఊపిరి తీసుకుని, కొంచెం నవ్వింది కూడా. "ప్రభువు దయ, శుక్రవారం స్టాకు ఉంది కదా. ఐదు రోజుల పని పోయింది, అంతే. సృజన్, రేపు పొద్దున్నే కరిగించు."

"సరే మేడమ్."

 మర్నాడు అందరికంటే ముందు వచ్చి ఫ్రీజర్ తెరిచాడు. మార్చి నాటి ట్యూబుల్లో ఏడో నంబరువి నాలుగు ఉన్నాయి. వాటి పట్టీలు గోటితో గీకి, మంచుతో మొద్దుబారిన వేళ్ళతో కొత్త పట్టీలు అంటించి, పోయిన నాలుగు శుక్రవారాల తేదీలు రాశాడు. రాస్తున్నంతసేపూ తనకు తాను ఒకటే చెప్పుకున్నాడు: మార్చిలోనే ఆ గుణం లోపల మొదలై ఉండొచ్చు, బయటపడింది మేలో కావచ్చు, ఇది బతకొచ్చు.

అది బతకలేదు. పెంచి, తిండి ఆపి, ఆకుపచ్చ దీపం కింద పెడితే మూడో రోజుకు చచ్చింది.

హెలెన్ రెండో ట్యూబు కరిగించమంది. అదీ అంతే. నిధులిచ్చే సంస్థ నుంచి సమీక్షకు ముగ్గురు సెప్టెంబరు మూడో వారంలో వస్తున్నారు. వాళ్ళకు చూపించడానికి ఉన్నదల్లా ఏడో నంబరే. అది లేకపోతే పద్నాలుగు నెలల పనికి గ్రాఫుల్లో గీతలు తప్ప రుజువు లేదు. హెలెన్ ఇంటికి వెళ్ళడం తగ్గించింది. శ్రీనగర్ కాలనీలో ఆమె ఉండే చోటు పది నిమిషాల దూరమే, అయినా మధ్యాహ్నాలు థియేటర్ వెనక గదిలోనే తల వాల్చేది. లేచి వచ్చి ఫ్లాస్కులు చూసేది. "దీపాల బలం తగ్గిందా?" అనేది. దీపాలు కొలిచారు, సరిగ్గానే ఉన్నాయి. "నీళ్ళు మారాయా?" అనేది. నీళ్ళు మార్చి చూశారు. ఆమె వెతకని చోటు లేదు. వెతుకుతున్న ప్రతిచోటుకీ సృజన్ తోడు వెళ్ళాడు, అక్కడ ఏమీ దొరకదని తెలిసి. కొలిచాడు, రాశాడు, తల ఊపాడు.

ఒక సాయంత్రం ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూడా లేకపోతే ఏమైపోయేదాన్ని నాన్నా" అంది. సృజన్ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

మూడో ట్యూబు కూడా పోయిన రోజు నవత ఒక అనుమానం లేవనెత్తింది. "మేడమ్, ఫ్రీజరే ఖరాబయిందేమో? అన్ని ట్యూబులు ఒక్కటే తీరుగ చావాలంటే మధ్యల ఎప్పుడో కరిగి మళ్ళా గడ్డకట్టి ఉండాలె. బుచ్చమ్మ ఊడ్చేటప్పుడు ప్లగ్గు గిట్ల తీసిందా?"

హెలెన్ సృజన్ వైపు తిరిగింది. "అలా ఎప్పుడైనా చూశావా?"

లేదు అన్న ఒక్క మాట చాలు. కానీ లేదంటే, మరి ఎందుకు చచ్చాయి అన్న ప్రశ్న తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తుంది.

"ఏమో మేడమ్" అన్నాడు.

బుచ్చమ్మను పిలిచి అడిగారు. ఆమె ప్లగ్గు ముట్టలేదంది. ఒట్టు పెట్టుకుంది. హెలెన్ అరవలేదు. అలిసిపోయిన గొంతుతో, "నేను నిన్ను తిట్టట్లేదమ్మా. కానీ ఇక నావల్ల కాదు. రేపట్నుంచి రావద్దు" అంది. బుచ్చమ్మ అక్కడే ఓ నిమిషం నిలబడింది. సృజన్ మీద ఒక చూపు నిలిపింది. అతను మైక్రోస్కోప్‌లోకి వంగాడు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం అలవాటు కొద్దీ అతని కాళ్ళు ఫిల్మ్‌నగర్‌కే నడిచాయి. ఆ వరండాలో ఎప్పటిలాగే తొమ్మిది మంది ఉన్నారు, చేతుల్లో ఫైళ్ళతో. మేనేజరు తలుపు సందులోంచి తొంగిచూశాడు. సృజన్ లేచి నిలబడి, "సార్ మళ్ళీ పిలుస్తానన్నారు. బుధవారం కథ చెప్పాను" అన్నాడు.

"ఏ బుధవారం అండీ? మీ పేరు?"

సృజన్ పేరు చెప్పాడు. మేనేజరు పుస్తకంలో వెతికాడు, దొరకలేదు. "సార్ లొకేషన్లు చూడ్డానికి వెళ్ళారు. నెల దాకా రారు. రాసుకుంటా, చెప్పండి మళ్ళీ" అన్నాడు. సృజన్ మళ్ళీ చెప్పలేదు. బయటికి వచ్చి, ఎండలో, ఏటవాలు దారి దిగుతూ నడిచాడు. ఇరవై ఒక్క శుక్రవారాలు ఈ వరండాకు ధారపోశాడు. వీళ్ళ పుస్తకంలో పేరు కూడా మిగల్లేదు. అక్కడ మేడమ్ ప్రాణం పెట్టి పెంచింది మిగల్లేదు. పని మనిషి బతుకుదెరువు మిగల్లేదు. దారిలో ఒక లారీ హారన్ కొట్టింది. పక్కకు జరగాలని కూడా అతనికి తోచలేదు. డ్రైవరే తిట్టుకుంటూ తిప్పుకుని పోయాడు.

ల్యాబ్‌కు వస్తే హెలెన్ ఒక స్టీలు డబ్బా, మడతపెట్టిన పాత చీర ఉన్న సంచి అందించింది. "బుచ్చమ్మవి ఇక్కడే ఉండిపోయాయి. మీ మోతీనగర్ పక్కనే కదా బోరబండ. ఇచ్చెయ్. ఎలా ఉందో కనుక్కో." ఆమె కళ్ళ కింద నల్లగా వలయాలు కట్టి ఉన్నాయి.

బోరబండలో ఆ ఇల్లు రెండు గదులు, రేకుల కప్పు. గడపలో బుచ్చమ్మ భర్త ఓదెలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగి, నడుం పడిపోయి మూడేళ్ళుగా ఇంట్లోనే. "ల్యాబ్ సారొచ్చిండు" అని లోపలికి కేక వేశాడు.

బుచ్చమ్మ వచ్చింది. సంచి తీసుకుంది. "కూసో సారూ" అని పీట వేసింది. నీళ్ళిచ్చింది. సృజన్ గ్లాసు చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"మేడమ్ ఎట్లుంది?" అని అడిగింది.

"మంచిగలేదక్కా."

"తింటుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.  తర్వాత ఆమే అంది.

"ఒక్క మాటడుగుత, మనసుల పెట్టుకోకు సారూ. గా నీలం మూతల చిన్న ట్యూబులు, డబ్బాల నింపి ఆటోక్లేవ్‌ల ఏసి మీకిచ్చేది నేను. పోయినేడాది శుక్రారమొచ్చిందంటే డబ్బా ఖాళీ అయితుండె. ఎండకాలం షురువైన సంది ఒక్కటి తగ్గలే. నింపిన డబ్బా నింపినట్టే ఉంది. నాకు సదువు రాదు గని, లెక్కొస్తది."

సృజన్ గ్లాసు కింద పెట్టాడు. "మరి... మేడమ్‌కు ఎందుకు చెప్పలేదక్కా?"

"నేను జెప్తే ఎవరు నమ్ముతరు? నువ్వు సదువుకున్నోనివి. నేను గిన్నెలు తోమేదాన్ని. ఇయ్యాల కాకుంటే రేపు నువ్వే జెప్తవనుకున్న. రోజూ బుచ్చమ్మక్కా అని పిలుస్తవు గద." ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "ఉద్యోగం సంగతి ఇడిసిపెట్టు, ఇండ్లు శాన ఉన్నయ్. గని నువ్వు బల్ల మీద పెట్టిన అన్నవు సూడు, గప్పుడు నాకే అనుమానం వట్టింది. పెద్దమనిషి అబద్ధమెందుకు జెప్తడు, నేనే తీసిన్నేమో, యాదిమరిచిన్నేమో అని. మూడు దినాలు నా చేతులను నేనే నమ్మలే సారూ. గ్యాసు బంద్ జేసిన్నా లేదా అని పదిసార్లు లేశి సూసిన. నా బిడ్డ అడిగింది, 'అమ్మా, నిజంగ నువ్వే పాడుజేసినవా' అని. ఏమో బిడ్డా అన్న."

ఏమో. అతను అన్న మాటే. అతను అన్నది తప్పించుకోవడానికి. ఆమె అన్నది తన చేతుల మీద తనకే నమ్మకం పోయి.

సృజన్ పీట మీదినుంచి జారి నేల మీదికి వచ్చాడు. "నేనే పెట్టిన అక్కా. ట్రాలీ మీద నేనే పెట్టిన" అన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు, ఏడుపు అడ్డం పడింది. ఓదెలు గడప దగ్గరనుంచి మెడ తిప్పి చూశాడు. బుచ్చమ్మ అతన్ని ఓదార్చలేదు. ఆపమని కూడా అనలేదు. చివరికి, "నా ముంగట ఏడిస్తె ఏమొస్తది" అంది. "ఆడ జెప్పు."

శనివారం పొద్దున అతను వెళ్ళేసరికి హెలెన్ మోకాళ్ళ మీద కూర్చుని, మందపాటి చేతి తొడుగులతో ఫ్రీజర్ లోంచి నాలుగో ట్యూబు తీస్తోంది. "ఇది ఆఖరిది సృజన్. దీన్ని నేనే చేస్తాను. నీ చెయ్యి మంచిది కాదని కాదు, నా మనసు ఒప్పుకోవట్లేదు" అంది.

"మేడమ్, అది కరిగించకండి."

"ఎందుకు?"

"దాని మీద ఉన్న తేదీ అబద్ధం. అది మార్చిది. నాలుగూ మార్చివే."

ఆమెకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. చేతిలోని ట్యూబు మీద మంచు కరగడం మొదలైంది. అప్పుడు ఆమె అన్నిటికంటే ముందు ఆ ట్యూబును తిరిగి లోపల పెట్టి, ఫ్రీజర్ తలుపు జాగ్రత్తగా మూసింది. తర్వాత లేచి మెట్ల మీద కూర్చుంది.

సృజన్ అంతా చెప్పాడు. ఫిల్మ్‌నగర్, వరండా, టిక్కులు, ట్రాలీ, గోటితో గీకిన పట్టీలు. ఆమె మధ్యలో ఒక్కటే అడిగింది, "ఎన్ని శుక్రవారాలు?"

"ఇరవై ఒకటి మేడమ్."

"అంటే మే నెలలో నేను చెప్పిన రోజు కూడా."

"అవును."

"అంటే అది ఎక్కడా లేదు."

"లేదు మేడమ్."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అతను తిట్టు కోసం, దెబ్బ కోసం కాచుకుని నిలబడ్డాడు. ఏదీ రాలేదు. చేతులు తీశాక ఆమె ముఖం ఒక్కసారిగా పదేళ్ళు ముసలిదైనట్టు కనబడింది. "మూడు వారాలు నేను దీపాల్ని అనుమానించాను" అంది. "నీళ్ళని అనుమానించాను. మే నెల నుంచి ఉన్న నా లెక్కలన్నీ తప్పేమో అనుకున్నాను. ఆ ఆడమనిషిని పంపించేశాను. నువ్వు పక్కనే నిలబడి చూశావు." కొంచెం ఆగింది. "ఆవిడ ఇల్లు చూపించు. కారు తీస్తాను."

బోరబండ సందులో కారు పట్టక, మలుపు దగ్గర ఆపి నడిచారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు. ల్యాబ్‌లో బుచ్చమ్మ ఏదో పాడుచేసి పని పోగొట్టుకుందని వాళ్ళందరికీ అప్పటికే తెలుసు. హెలెన్ బుచ్చమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు నాది బుచ్చమ్మా. నిన్ను అడిగినట్టే అడిగాను గానీ నీ మాట వినలేదు" అంది, అందరికీ వినబడేలా.

బుచ్చమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ చేతులు మెల్లగా విడిపించుకుంది. "నువ్వు తెల్వక జేసినవు అమ్మా. నవతమ్మ ముంగట, మీ పైన ఉండే వాచ్‌మన్ ముంగట, అందరి ముంగట గా సారు జెప్పాలె. అప్పుడొస్త."

సోమవారం పదింటికి అతను చెప్పాడు. ఆకుపచ్చ దీపాల ముందు నిలబడి, నవత, వాచ్‌మన్ నర్సింహ, బంగళా వంటమనిషి మల్లమ్మ వింటుండగా. చెబుతున్నంతసేపూ నవత నేల చూపులు చూసింది, ప్లగ్గు మాట తనే అన్నందుకు. బుచ్చమ్మ చివరిదాకా విని, కొంగు బిగించి, ట్రాలీ దగ్గరికి వెళ్ళి ఫ్లాస్కులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి, "వీట్ల ఏది కడగాలె, ఏది కడగొద్దు? ఇయ్యాల్టి సంది రాసిపెట్టుండ్రి" అని నవతను అడిగింది.

హెలెన్ సృజన్‌ను వెనక గదిలోకి పిలిచింది. కాగితాలు, పెన్ను ఇచ్చింది. "మార్చి నుంచి ఏ రోజు ఏం చేశావో, ఏం చేయలేదో రాసి సంతకం పెట్టు. సమీక్షకు వచ్చేవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను. రేపట్నుంచి రావద్దు."

"మేడమ్, జీతం లేకుండా అయినా, మళ్ళీ అది వచ్చేదాకా..."

"వద్దు. నిన్ను చూస్తూ నేను పని చేయలేను."

అతను రాశాడు. పదకొండు పేజీలు వచ్చాయి. సంతకం పెట్టి బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు.

సమీక్షకు వచ్చినవాళ్ళు ఆ పేజీలు చదివి, సహాయం పూర్తిగా ఆపలేదు గానీ సగానికి కోశారు. హెలెన్ అద్దెకు తీసుకున్న థియేటర్‌లో సగం వెనక్కి ఇచ్చేసింది. నాలుగో ట్యూబు కరిగించి, మార్చి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఏ మార్పు అది మేలో వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. మళ్ళీ వస్తుందని హామీ ఏమీ లేదు.

సృజన్‌కు ఎర్రగడ్డలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పని దొరికింది. రక్తం, మూత్రం పరీక్షలు. కథల ఫైలు ఎక్కడ పెట్టాడో అతను వెతకలేదు. జనవరిలో ఒక పొద్దున బోరబండ బస్టాప్‌లో బుచ్చమ్మ కనబడింది, భుజానికి సంచితో, బస్సు కోసం చూస్తూ. తప్పుకుందామనుకున్నాడు. ఆమె అప్పటికే చూసింది.

దగ్గరికి వెళ్ళాడు. ఇంకేం అడగాలో తెలియక, "ఎట్లున్నయక్కా ఫ్లాస్కులు?" అన్నాడు.

ఆమె బస్సు వచ్చే వైపే చూస్తోంది. 

"రంగైతే పడ్డది" అంది చివరికి. "తిండి బంద్ జేస్తే నాలుగు దినాలుంటున్నయట. మొన్న ఐదు అన్నది మేడమ్."

"ఐదా?"

"గంతే. పదకొండు కావాలంట గద." బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కింది. తలుపు దగ్గర జనంలో ఇరుక్కుని, వెనక్కి చూడకుండానే అంది, "శుక్రారం ఖాళీ అయిన డబ్బా ఇప్పుడు నేనే అడిగి తీసుకుంట."

బస్సు కదిలింది. అతను పనికి ఆలస్యమవుతోందని గుర్తొచ్చి, ఎర్రగడ్డ వైపు నడిచాడు.